తల్లికి చిరుజ్వరము – బిడ్డకు చెవుడు

బమ్మెర మన ఓరుగల్లు సీమలోని గ్రామము. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా గల పోతన మహాకవి తెలుగుచేసిన భాగవతములో ప్రహ్లాదుని కథ ఎరుగనివారు మనలో లేరు. తల్లి కడుపులో ఉండగనే ఆ శిశువు నారద మహర్షి ఉపదేశమును విని మనస్సున నిలుపుకొన్నాడు. అభిమన్యుని గూర్చియు లోకములో ఇట్టి కథయే కలదు. గర్భములోని బిడ్డ వినునను భావన మనకు క్రొత్తది కాదు. నేటి శాస్త్రము కూడ ఆరవ నెల దాటిన పిమ్మట గర్భస్థ శిశువు శబ్దములకు స్పందించుననియే చెప్పుచున్నది. తల్లి గుండె చప్పుడు, ఆమె కంఠస్వరము, ఇవియే బిడ్డ ఎరుగు మొదటి ధ్వనులు.

అయితే ఆ చెవి తయారగునది ఆరవ నెలలో కాదు. అంతకు చాల ముందు, తల్లి తాను నెల తప్పినట్లు ఇంకను నిశ్చయముగ తెలిసికొనని దినములలోనే ఆ పని మొదలగును. ఆ దినములలో తల్లికి సోకిన ఒక స్వల్పమైన వ్యాధి, రెండు మూడు దినములలో మాయమై ఆమెకే జ్ఞాపకము లేకుండ పోయిన వ్యాధి, బిడ్డకు జీవితాంతము చెవుడు కలిగింపగలదు. ఈ చెవుడును చాలవరకు రాకుండ ఆపవచ్చును. ఆపలేకపోయినచోట, సకాలములో కనిపెట్టినయెడల బిడ్డ మాటను కాపాడవచ్చును. ఈ రెండు విషయములను శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. నేను వైద్యుడను కాను. కాని రేడియోలో పనిచేయువానికి చెవియే సర్వస్వము. మా మాటయు పాటయు చేరునది ఆ ఒక్క ద్వారముననే. కావున ఆ ద్వారము పుట్టుకతోనే మూసికొనిపోవుట ఎట్లు జరుగునో తెలిసికొనవలెనను కోరిక నాకు సహజముగ కలిగినది.

మొదట చెవి నిర్మాణమును గూర్చి రెండు మాటలు. మనకు కనిపించు చెవి కేవలము ధ్వనిని పోగుచేయు డొప్ప. దాని లోపల కర్ణభేరి, దానికి ఆవల మూడు చిన్న ఎముకలు, వాటికిని ఆవల తల ఎముకలో దాగిన అంతరకర్ణము కలవు. ఆ అంతరకర్ణములో నత్తగుల్లవలె సుమారు రెండున్నర చుట్లు తిరిగిన ఒక సన్నని గొట్టమున్నది. దానిని కాక్లియా అందురు. దానిలో వేలకొలది సూక్ష్మమైన రోమకణములు బారులుతీరి ఉండును. ధ్వని తరంగము వచ్చినపుడు, గాలికి వరిచేను కదలినట్లు, ఆ రోమములు కదలును. ఆ కదలిక విద్యుత్సంకేతమై శ్రవణనాడి ద్వారా మెదడును చేరును. మనము వినుట అనగా ఇదియే.

గర్భము నిలిచిన నాలుగవ వారములో శిశువు తలకు రెండుప్రక్కల చిన్న గుంటవంటిది ఏర్పడి లోనికి కుంగి సంచిగా మారును. ఆ సంచియే పెరిగి, మెలిదిరిగి, సుమారు పదవ వారమునకు నత్తగుల్ల రూపమును పొందును. దాని లోపలి రోమకణములు తరువాతి వారములలో రూపొందును. ఈ కణములకు ఒక విచిత్రమైన స్వభావమున్నది. చర్మము తెగిన మరల పెరుగును, ఎముక విరిగిన అతుకుకొనును. కాని మనుష్యునిలో ఈ రోమకణము ఒకసారి నశించినచో మరల మొలవదు. అందువలననే ఈ తొలి నెలలలో కలిగిన హాని శాశ్వతమగుచున్నది.

ఇక ఆ హాని కలిగించు వ్యాధులలో ముఖ్యమైనది రుబెల్లా. దీనిని జర్మన్ మీజిల్స్ అనియు పిలిచిరి. మన ఇండ్లలో తట్టు అని పిలుచు వ్యాధికి ఇది దూరపు పోలిక గలది గాని, రెండును వేరు. తట్టు తీవ్రమైనది. జ్వరము కాయును, కండ్లు ఎర్రబడును, పసివారి ప్రాణములకే ముప్పు తెచ్చును. రుబెల్లా అట్లు కాదు. కొద్దిపాటి జ్వరము, ముఖము మీద మొదలై మేనంతటను వ్యాపించు లేత ఎరుపు దద్దు, చెవుల వెనుకను మెడ వెనుకను బిళ్ళలు కట్టుట, పెద్దవారిలో కీళ్ళనొప్పులు, ఇంతే దాని లక్షణములు. మూడు దినములలో అంతయు సర్దుకొనును. కొందరిలో దద్దు కూడ కనిపింపదు. మన పల్లెలలో దద్దు కనిపించినచో అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, తగ్గిన పిదప స్నానము చేయించి, ఆ సంగతి మరచిపోవుదురు. పిల్లలలో ఇది నిజముగ మరచిపోదగినంత చిన్న వ్యాధియే. దాని క్రూరత్వమంతయు ఒక్క చోటనే, తొలి నెలల గర్భము మీదనే, ప్రసరించును.

ఈ రహస్యమును వైద్యలోకము తెలిసికొన్న కథ మిక్కిలి ఆసక్తికరమైనది. 1940లో ఆస్ట్రేలియాలో రుబెల్లా విపరీతముగ వ్యాపించినది. యుద్ధకాలమగుటచే సైనిక శిబిరములలో జనసమ్మర్దము హెచ్చినది. మరుసటి సంవత్సరము సిడ్నీ నగరములో నేత్రవైద్యుడగు నార్మన్ గ్రెగ్ వద్దకు పుట్టుకతోనే కంటి శుక్లములు గల పసికందులు ఒకరి వెంట ఒకరుగ రాసాగిరి. శుక్లములు వృద్ధులకు వచ్చునవి గదా, ఇందరు శిశువులకు ఒక్కసారి ఏల వచ్చినవని ఆయన ఆలోచించినాడు. ఆయన వైద్యశాలలో తమ వంతుకై ఎదురుచూచుచున్న తల్లులు గర్భిణులుగా ఉన్నప్పుడు తమకు వచ్చిన దద్దును గూర్చి ముచ్చటించుకొనుచుండగా ఆయన చెవినిబడినదని చెప్పుదురు. ఆయన తన తోటి వైద్యులను కూడ విచారించి 78 మంది శిశువుల వివరములు సేకరించినాడు. వారిలో 68 మంది తల్లులకు గర్భకాలమున రుబెల్లా సోకినట్లు తేలినది. 1941 అక్టోబరు 15వ తేదీన మెల్బోర్న్ నగరములో నేత్రవైద్యుల సభలో ఆయన ఈ సంగతిని వెల్లడించినాడు.

అప్పటికి ఆ శిశువులు మిక్కిలి పసివారగుటచే వారికి చెవుడున్నదో లేదో తెలియు వయస్సు కాదు. 1943లో అడిలైడ్ నగరమునకు చెందిన చార్లెస్ స్వాన్ అను వైద్యుడును ఆయన సహచరులును ఇట్టి తల్లుల బిడ్డలను పరీక్షించి, శుక్లములు, గుండెజబ్బుతో పాటు చెవుడును కలదని చూపిరి. అయినను అందరును వెంటనే నమ్మలేదు. తల్లికి వచ్చిన అల్పమైన వ్యాధి బిడ్డ అవయవములను చెరచునా అని సందేహించినవారు పలువురు.

ఆ సందేహమును తీర్చుటకు వైద్యునితో పాటు గణాంకశాస్త్రజ్ఞుడును తోడ్పడినాడు. లాంకాస్టర్ అను ఆస్ట్రేలియా పండితుడు పాత జనాభా లెక్కలను త్రవ్వి తీసినాడు. 1911 లెక్కలలో చెవిటివారి పట్టికను చూడగా 10 మొదలు 14 ఏండ్ల వయస్సువారు వింతగొలుపునంత అధికముగ కనిపించిరి. ఆ పిల్లలు పుట్టిన కాలమును వెనుకకు లెక్కించినపుడు 1898, 1899 సంవత్సరములలో ఆ దేశమున రుబెల్లా చెలరేగియుండెనని తెలిసినది. 1951లో ఆయన ఈ విషయమును ప్రకటించినాడు. అనగా ఏబది సంవత్సరములకు పూర్వము వచ్చిన వ్యాధి తన అడుగుజాడలను జనాభా లెక్కల కాగితములలో విడిచిపోయినది. ఎవరును చదువలేదు, అంతే.

1962లో అమెరికాలో రెండు శాస్త్రజ్ఞుల బృందములు వేరువేరుగ రుబెల్లా వైరసును ప్రయోగశాలలో పట్టుకొన్నవి. కాని టీకా సిద్ధమగులోపలనే, 1964, 1965 సంవత్సరములలో ఆ దేశమున పెద్ద ఉపద్రవము వచ్చినది. సుమారు 1 కోటి 25 లక్షల మందికి ఆ వ్యాధి సోకినదనియు, దాదాపు 20,000 మంది శిశువులు దాని ముద్రతో పుట్టిరనియు అంచనా వేసినారు. వారిలో సగమునకు మించి చెవిటివారు. వారి కొరకు ప్రత్యేక పాఠశాలలు విస్తరింపవలసి వచ్చినది. 1969లో అచ్చట టీకాకు అనుమతి లభించినది. నేడు లోకములో విరివిగ వాడు రుబెల్లా టీకా స్టాన్లీ ప్లాట్కిన్ అను శాస్త్రజ్ఞుడు ఆ దశాబ్దములోనే రూపొందించినది.

తల్లి రక్తములో ప్రవేశించిన వైరసు మాయను దాటి శిశువును చేరును. అచ్చట పెరుగుచున్న కణముల విభజనను మందగింపజేయును, సన్నని రక్తనాళములను చెరచును. ఏ అవయవము ఆ సమయమున రూపొందుచున్నదో దానికి దెబ్బ తగులును. తొలి పన్నెండు వారములలో వ్యాధి సోకినచో పదిమంది శిశువులలో ఎనిమిది తొమ్మిది మందికి హాని కలుగును. కన్ను, గుండె, చెవి, మెదడు, వీటిలో ఒకటియో పెక్కులో దెబ్బతినును. నాలుగవ నెలలో సోకినచో కన్నును గుండెయు తప్పించుకొనవచ్చును గాని చెవి తప్పించుకొనకపోవచ్చును. ఇట్టి బిడ్డ చూచుటకు చక్కగ, బొద్దుగ, ఆరోగ్యముగ ఉండును. చెవుడొక్కటే ఉండును. కావుననే ఎవరును అనుమానింపరు. అయిదవ నెల దాటిన పిదప ఈ ప్రమాదము చాలవరకు తగ్గిపోవును.

మన దేశములో ఈ వ్యాధి లేదను భ్రమ చాలకాలముండెను. భారత వైద్య పరిశోధన మండలి 2016లో ఐదు పెద్ద ఆసుపత్రులలో దీనిపై ప్రత్యేకమైన నిఘా మొదలుపెట్టినది. మొదటి కొలది నెలలలోనే 207 మంది శిశువులను అనుమానితులుగ గుర్తించి పరీక్షింపగా 72 మందికి గర్భములోనే రుబెల్లా సోకి హాని కలిగినదని ప్రయోగశాలలో రుజువైనది. అవి కొద్ది ఆసుపత్రుల లెక్కలే. ఆ గడప తొక్కని పసివారి సంఖ్య దానిలో చేరలేదు.

మన ప్రాంతములో పుట్టుచెవుడునకు కారణము చెప్పుమన్నచో పెద్దలు రెండు మాటలు చెప్పుదురు. ఒకటి గ్రహణము, రెండవది మేనరికము. గ్రహణమునకును చెవుడునకును సంబంధము లేదు. మేనరికమునకు మాత్రము కలదు. మేనమామను, మేనత్త కొడుకును వివాహమాడు ఆచారము తెలుగునాట విస్తారముగ ఉన్నది. ఒకే వంశములో దాగిన దోషము తల్లినుండియు తండ్రినుండియు బిడ్డకు సంక్రమించినపుడు పుట్టుచెవుడు రావచ్చును. ఇది నిజము. కాని ఈ నిజము మరియొక నిజమును మరుగుపరచుచున్నది. మేనరికమైన ఇంటిలో చెవిటిబిడ్డ పుట్టగనే కారణము తెలిసిపోయినదని విచారణ మానుదురు. మేనరికము కాని ఇంటిలోనో, తప్పంతయు కోడలి మీదికి త్రోయుదురు. ఆమె ఏదో తినినది, ఎక్కడనో తిరిగినది, ఏదో చూచినది అందురు. కంటికి కనిపించని వైరసు ఎవరి ఊపిరి ద్వారానో వచ్చి చేరినది, దానికి ఆ తల్లి ఏమి చేయగలదు? బిడ్డకు చెవుడు, తల్లికి నింద, ఈ రెండు శిక్షలు ఒక ఇంటిలో పడుట న్యాయము కాదు.

రుబెల్లాతో పాటు మరియొక వైరసును కూడ పేర్కొనవలెను. దాని పేరు సైటోమెగలో వైరసు. పేరు పెద్దది, వ్యాధి రుబెల్లాకన్నను నిశ్శబ్దమైనది. పెద్దవారికి సోకినచో చాలమందికి ఏమియు తెలియదు. లోకములో గర్భస్థ శిశువులకు సోకు వైరసు వ్యాధులలో ఇదియే అన్నింటికంటె సామాన్యమైనది. టీకా చక్కగ అమలైన దేశములలో రుబెల్లా వెనుకబడగా, వంశపారంపర్యము కాని పుట్టుచెవుడునకు ఇది ముఖ్యకారణముగ నిలిచినది. దీనితో పుట్టిన శిశువులలో పదింట తొమ్మిదిమందికి పుట్టినపుడు ఏ లక్షణమును కనిపింపదు. అట్టివారిలోను నూటికి పదిమంది, అంతకు కొంచెము మించియు, క్రమముగ వినికిడి కోల్పోవుదురు. ఒక్కొక్కప్పుడు పుట్టినపుడు చక్కగ వినిన బిడ్డకు రెండవ ఏటనో మూడవ ఏటనో చెవి మందగించును.

దీనికి ఇంకను టీకా లేదు. ఇది ముఖ్యముగ చంటిపిల్లల లాలాజలము, మూత్రముల ద్వారా వ్యాపించును. కావున ఇంటిలో చిన్నపిల్లలున్న గర్భిణి వారి ముక్కు తుడిచిన పిమ్మట, బట్టలు మార్చిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బిడ్డ ఎంగిలి ముద్దను తాను తినుట, బిడ్డ పెదవులపై ముద్దాడుట ఆ కొలది నెలలు మానుట మంచిది. నుదుటిమీద ముద్దు పెట్టుకొనిన ప్రేమ తగ్గదు గదా. శిశువుకు ఈ వ్యాధి పుట్టుకతో వచ్చినదో లేదో తెలిసికొనుటకు మూత్రమునో లాలాజలమునో పుట్టిన మూడు వారముల లోపల పరీక్షింపవలెను. ఆ గడువు దాటినచో పుట్టుకతో వచ్చినదా, తరువాత సోకినదా అని తేల్చుట కష్టము. లక్షణములు స్పష్టముగ గల శిశువులకు మొదటి నెలలోనే వైద్యులు మందు మొదలుపెట్టినయెడల వినికిడి కొంతవరకు నిలుచునని పరిశోధనలు చూపినవి.

రుబెల్లాకు మాత్రము మన చేతిలో బలమైన ఆయుధమున్నది. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము తట్టు, రుబెల్లాలకు కలిపి ఒకే టీకాను కొన్ని రాష్ట్రములలో ప్రవేశపెట్టినది. అదే సంవత్సరము ఆగస్టులో తెలంగాణమునందును ఆంధ్రప్రదేశమునందును 9 నెలలు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలకు పాఠశాలలలో, అంగన్‌వాడీలలో ఆ టీకా వేసినారు. తరువాత అది శిశువుల సాధారణ టీకాలలో చేరినది. తొమ్మిది నెలలు నిండిన పిదప ఒకసారి, పదునారు మొదలు ఇరువది నాలుగు నెలల నడుమ రెండవసారి ఉచితముగ వేయుదురు. మగపిల్లలకు ఏల యని అడుగువారు కలరు. మగపిల్లవాడు గర్భము ధరింపడు, నిజమే. కాని బడినుండి ఆ వ్యాధిని తెచ్చి గర్భిణియైన తల్లికో పిన్నికో అంటించువాడు అతడే కావచ్చును.

ఇచ్చట జాగ్రత్తగ గమనింపవలసిన విషయమొకటి కలదు. 2017లో 15 ఏండ్లు దాటియున్న ఆడపిల్లలకు ఆ టీకా అందలేదు. నేడు అత్తవారిండ్లలో పురుడు పోసికొనుచున్న యువతులలో చాలమంది ఆ వయస్సువారే. వారిలో అధికసంఖ్యాకులకు చిన్ననాడే ఆ వ్యాధి వచ్చిపోయి సహజమైన రక్షణ ఏర్పడియుండును. కాని అందరికిని కాదు. రక్షణ లేనివారెవరో ముఖము చూచి చెప్పలేము.

సగము పని చేసి విడిచినచో ఏమగునో గ్రీసు దేశము చూపినది. అచ్చట 1975 ప్రాంతమున టీకా వచ్చినది గాని సగమునకు తక్కువ మంది పిల్లలకే వేసినారు. దానివలన చిన్నపిల్లలలో వ్యాధి వ్యాప్తి తగ్గినది, కాని పూర్తిగా ఆగలేదు. బాల్యములో వ్యాధి రాక, టీకాయు పొందక పెరిగిన ఆడపిల్లలు రక్షణ లేకుండగనే తల్లులగు వయస్సుకు వచ్చిరి. 1993లో వ్యాధి చెలరేగినపుడు అది పసివారిని విడిచి యువతీయువకులను పట్టినది. ఆ తరువాత 25 మంది శిశువులకు పుట్టుకతోనే రుబెల్లా హాని కలిగినట్లు పరీక్షలలో రుజువైనది. కావున మన వీధిలో ఒక్క బిడ్డకు టీకా తప్పినను అది ఆ ఇంటి సంగతి మాత్రమే కాదు.

ఇంతకు మనము చేయవలసినదేమి? పెండ్లి నిశ్చయమైన ఆడపిల్లకు చీరలు, నగలు కొనుచున్నాము. ఆ సంబరములోనే ఒకసారి వైద్యుని వద్దకు తీసికొనిపోయి, రుబెల్లా రక్షణ కలదో లేదో రక్తపరీక్షతో తెలిసికొని, లేనిచో టీకా వేయించుట పుట్టింటివారు ఇవ్వదగిన మంచి కానుక. పరీక్ష లేకుండ వేసినను హాని లేదు. టీకా వేయించుకొన్న పిమ్మట ఒక నెల గర్భము ధరింపకుండ జాగ్రత్త పడవలెను. గర్భిణికి ఈ టీకా వేయరు. తెలియక వేయించుకొన్నచో భయపడి గర్భము పోగొట్టుకొన నవసరము లేదు. మొదటి కాన్పులో రక్షణ లేదని తెలిసినవారు పురుడైన పిమ్మట వేయించుకొనవచ్చును. బిడ్డకు పాలిచ్చుటకు అది అడ్డుకాదు.

గర్భిణికి దద్దు కనిపించినను, దద్దు గల పిల్లలతో కలిసి మెలిసి ఉన్నను, ఆ దినమే వైద్యునకు చెప్పవలెను. తేదీని వ్రాసి ఉంచుకొనవలెను. అవసరమైనచో రక్తమును వెంటనే ఒకసారి, రెండు మూడు వారముల పిదప మరియొకసారి పరీక్షించి పోల్చి చూతురు. మరియొక హెచ్చరిక. టార్చ్ పరీక్ష అను పేర అనేక వ్యాధులకు ఒక్కసారి చేయు రక్తపరీక్ష మన పట్టణములలో బాగుగ వాడుకలో ఉన్నది. దానిలో ఒక అంశము ఉన్నదని వచ్చినంతనే బిడ్డకు హాని జరిగినదని నిశ్చయించుకొనరాదు. అట్టి ఫలితము ఒక్కొక్కప్పుడు పొరపాటున వచ్చును, ఒక్కొక్కప్పుడు పాత వ్యాధి గుర్తుగ వచ్చును. ఒక్క కాగితమును చూచి గర్భమును పోగొట్టుకొన్న పిదప విచారించి ప్రయోజనము లేదు. నిపుణులైన వైద్యుల సలహా లేనిదే ఏ నిర్ణయమును కూడదు.

ఇక బిడ్డ పుట్టిన పిదప సంగతి. చెవిటిబిడ్డ కూడ ఏడ్చును, నవ్వును, ఆరు నెలల వరకు ఊఁ కొట్టును, కూనిరాగములు తీయును. ఇంటివారు పరీక్షకై చప్పట్లు కొట్టుదురు, పళ్ళెము మ్రోగింతురు. చేతి నీడ చూచియో, గాలి తాకియో, నేల అదరుట వలననో బిడ్డ తల త్రిప్పును. వినుచున్నాడని అందరును సంతోషింతురు. ఏడాది దాటినను మాట రాకున్నచో, వాని తండ్రికి కూడ ఆలస్యముగనే మాటలు వచ్చినవని అవ్వ ఓదార్చును. ఈ ఓదార్పులో రెండు మూడు సంవత్సరములు గడచిపోవును. మెదడు భాష నేర్చుటకు అన్నిటికంటె అనువైన సంవత్సరములు అవియే. చెవినుండి ఏ సంకేతమును రాకున్నచో మెదడులో ధ్వనికై ఏర్పడిన భాగము ఇతర పనులకు మరలిపోవును. తరువాత ఎంత మంచి పరికరము పెట్టినను ఆ లోటు పూర్తిగ తీరదు.

కావున వైద్యులు మూడు గడువులు పెట్టిరి. మొదటి నెలలో వినికిడి పరీక్ష, మూడవ నెలలోపల రోగనిర్ణయము, ఆరవ నెలలోపల చికిత్స ప్రారంభము. మొదటి పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు. నిద్రించు బిడ్డ చెవిలో మెత్తని చిన్న బిరడా పెట్టి సన్నని ధ్వని పంపుదురు. ఆరోగ్యమైన కాక్లియా దానికి బదులుగ ప్రతిధ్వనివంటి మిక్కిలి సూక్ష్మమైన శబ్దమును వెలువరించును. యంత్రము దానిని పట్టుకొనును. ఆ బదులు రానిచో బెరా అను రెండవ పరీక్ష చేయుదురు. తలమీద చిన్న తీగెలు అంటించి, ధ్వనికి శ్రవణనాడియు మెదడును స్పందించుచున్నవో లేదో చూతురు. గర్భకాలమున వ్యాధి సోకిన తల్లి బిడ్డకు మొదటి పరీక్షలో బాగుగ ఉన్నదని వచ్చినను అంతటితో విడువక, వైద్యుడు చెప్పిన వ్యవధిలో మరల మరల పరీక్షింపజేయవలెను. చెవుడు ఆలస్యముగను రాగలదు. అట్టి శిశువు శరీరమునుండి రుబెల్లా వైరసు ఏడాదివరకును వెలువడవచ్చును. కావున గర్భిణులైన చుట్టములు ఆ బిడ్డకు దూరముగ ఉండుట క్షేమము.

వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి కలదు. 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. చుట్టుప్రక్కల పల్లెలవారు మొదట చేరవలసిన చోటు అదియే. హైదరాబాదులో కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రియు, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమును ఇట్టి పిల్లల కొరకే పనిచేయుచున్నవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలలో వెదకు లోపములలో పుట్టుచెవుడు ఒకటి. మీ ఊరి ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగినచో ఎచ్చటికి పోవలెనో చెప్పుదురు.

చెవుడు తేలిన బిడ్డకు ముందుగ వినికిడి యంత్రములు అమర్చుదురు. రోమకణములు మిక్కిలిగ నశించినచో ధ్వనిని పెద్దదిచేసినంత మాత్రమున చాలదు. అట్టివారికి శస్త్రచికిత్సతో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుదురు. నశించిన రోమకణములను విడిచి, అది ధ్వనిని విద్యుత్సంకేతముగ మార్చి నేరుగ శ్రవణనాడికే అందించును. ఇది ఒకటి రెండు ఏండ్ల ప్రాయములో చేసిన ఫలితము హెచ్చు. లక్షల రూపాయలు వ్యయమగు ఈ చికిత్స ఆరోగ్యశ్రీ పథకములో చేర్చబడినది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలసి అర్హతలు తెలిసికొనవలెను. అయితే యంత్రము అమర్చిన దినముననే బిడ్డ మాటలాడునని అనుకొనరాదు. అంతవరకు నిశ్శబ్దములో నున్న మెదడుకు ప్రతి ధ్వనియు క్రొత్తదే. వాక్చికిత్సకుని శిక్షణయు, ఇంటిలో తల్లి, అవ్వ, అన్నదమ్ములు అలసట లేక పలికించుటయు, నెలల తరబడి, ఏండ్ల తరబడి సాగవలెను. సగము పని శస్త్రవైద్యునిది, సగము ఇంటివారిది.

ఆలస్యమైన పిల్లలకును, యంత్రము ఫలింపని పిల్లలకును దారి మూసికొనలేదు. సంజ్ఞాభాష సంపూర్ణమైన భాష. దానితో చదువు, ఉద్యోగము, స్నేహము, సంసారము అన్నియు సాధ్యమే. బిడ్డకు ఏదో ఒక భాష, చెవి ద్వారానో చేతుల ద్వారానో, సకాలములో అందవలెను. భాష అందని బిడ్డయే నిజముగ ఒంటరివాడు.

ఈ ప్రసంగమును వినుచున్న ఇండ్లలో నెలలు నిండుచున్న కోడండ్రు ఉందురు, పెండ్లికి ఎదిగిన కూతుండ్రు ఉందురు, ఊయలలో పసివారు ఉందురు. కూతురికి టీకా పడినదో లేదో విచారింపుడు. కోడలికి దద్దు వచ్చినచో దాచక వైద్యునకు చెప్పుడు. ఊయలలోని బిడ్డ చెవిని మొదటి నెలలోనే పరీక్షింపజేయుడు. ఒకప్పుడు విధి అని తలవంచి ఊరుకొన్న ఈ చెవుడు నేడు చాలవరకు మన శ్రద్ధకు లోబడియున్నది.